చిట్టీ ఇక్కడ, బట్ట అక్కడ

మల్లు గుడ్డ అయిపోవచ్చింది, ఇంకో మీటరు తేవాలి, ఈసారి తెల్లది కాకుండా లేత గులాబిది తెస్తే కాంతవ్వ కట్టుకుంటుందో విసిరికొడుతుందో అనుకుంటున్నాడు సారయ్య, ఆపరేషన్ తర్వాత ఆమె మెడ ముందర మిగిలిన రంధ్రం మీద దుమ్ము పడకుండా రెండు పొరలు వేసి, అంచు మడిచి, నాడాలు పెట్టి ఆ గుడ్డలు కుట్టేది తనే, ఆర్నెల్లుగా ప్యాంట్లకంటే అవే శ్రద్ధగా కుడుతున్నాడు, పెళ్లాం ఊపిరి ఆ రంధ్రంలోంచే, దగ్గు ఆ రంధ్రంలోంచే, మాట మాత్రం ఎందులోంచీ రాదు, ఇప్పుడు ఆ గుడ్డ సంగతి ఎందుకు గుర్తొచ్చిందంటే ఎదురుగా రిపేర్ల కాశిఫ్ సారయ్య కంప్యూటర్ డబ్బా మూత విప్పి బ్రష్షుతో దులుపుతున్నాడు, లోపల మూడేండ్ల దుమ్ము, దారప్పోగులు, అమీర్‌పేట దుకాణంలోని నూగంతా ఇందులోకే చేరినట్టుంది, చాచా ఇది కంప్యూటరా దూది పరుపా అంటున్నాడు కాశిఫ్, సారయ్య నవ్వలేదు, దులుపుతుంటే లోపలున్నది కూడా ఎగిరిపోతుందేమోనని ఆ బ్రష్షు వైపే చూస్తున్నాడు, పంజగుట్టలో రెండో అంతస్తు మీద ఈ అరగది, చుట్టూ పేగులు బయటపెట్టుకున్న కంప్యూటర్లు, కిందనుంచి బస్సుల రొద, ఈ కంప్యూటర్‌ను తన దుకాణంలో పెట్టించింది కాశిఫే, కాల్‌సెంటర్లకు బట్టలు కుట్టించే కంపెనీ ఇకనుంచి కొలతల పట్టీలు మెయిల్లోనే పంపుతామన్నప్పుడు, నువ్వు ఇంగ్లీషు చదవొద్దు చాచా, అంకెలొస్తయి గద, చాతీ ముప్పై ఎనిమిది, నడుము ముప్పై రెండు, ఇంక నీకేం కావాలె అన్నాడు, నిజమే, సిరిసిల్ల బడిలో మూడో తరగతి దాకా నేర్చిన అంకెలతోనే ఇంత బతుకు బతికాడు, అక్షరాలతో ఎప్పుడూ పని పడలేదు, మాటలతో అంతకన్నా పడలేదు.

పొద్దున ఈ డబ్బాను లైనింగ్ గుడ్డలో చుట్టి ఆటోలో ఒళ్లో పెట్టుకుని వచ్చాడు, అమీర్‌పేట నుంచి పంజగుట్ట ఎంత దూరం, నడిచినా వస్తాడు, కానీ లోపల కాంతవ్వ గొంతుంది, జర మెల్లగ పోనియ్యి అన్నాడు గుంత వచ్చినప్పుడల్లా, ఏమున్నయన్నా అండ్ల, కోడిగుడ్లా అన్నాడు ఆటో అతను, ఆటోవాళ్లకు జవాబులిచ్చేది ఎప్పుడూ కాంతవ్వే, ఆర్నెల్ల కింద ఇదే దారిన ఆమె పక్కన కూర్చుని దవాఖానా దాకా మాట్లాడుతూనే వచ్చింది, ఇంకో రెండు రోజుల్లో గొంతు కోసి తీసేస్తారని తెలిసి కూడా, కాదు, తెలుసు కాబట్టే, ఏం మాట్లాడింది, కుక్కరు రబ్బరు గురించా, బిడ్డ మంజుశ్రీ కాన్పు గురించా, ఎదురింటివాళ్లు నల్లా దగ్గర పెట్టుకున్న పంచాయితీ గురించా, నడుమనడుమ ఇంటున్నవా అని మోకాలి మీద తట్టింది, అది గుర్తుంది, తట్టడం గుర్తుంది, మాట గుర్తు లేదు, ఎందుకంటే ఆ వేళ తను బోర్డులు చూస్తున్నాడు, జావా, ఒరాకిల్, నలభై ఐదు రోజుల్లో ఉద్యోగం, అందులో ఒక బోర్డు మీద టై కట్టుకున్న పిల్లగాడి కోటు భుజం సరిగా కూర్చోలేదు, కాలర్ దగ్గర ముడత వచ్చింది, ఎవడు కుట్టాడో అనుకుంటూ మెడ తిప్పి మరీ చూశాడు, కాంతవ్వ మాటలు అయిపోతుంటే సారయ్య కోటు భుజం చూశాడు.

ఇగో చాచా, స్టార్ట్ అయింది అన్నాడు కాశిఫ్, తెర వెలిగింది, మెయిల్ ప్రోగ్రాం తెరిచాడు, పట్టీల వరుస వచ్చింది, ఆ వరుసలో కింద, కిందికంటా, అదిగో ఆ గీత, సారయ్యకు ఆ ఇంగ్లీషు అక్షరాలు చదవరాదు గానీ ఆ గీతను వెయ్యి గీతల్లో పట్టుకుంటాడు, దాని పక్కన చిన్న హుక్కు గుర్తు, ప్యాంటు నడుముకు వేసే హుక్కు లాంటిదే, ఆ హుక్కు ఉందంటే మెయిలుకు ఇంకేదో తగిలించి ఉందని అర్థం, దీనికి తగిలించింది కాంతవ్వ గొంతు, పది నిమిషాలది, దవాఖానాలో అరుణాదేవి అనే ఆవిడ పంపింది, గొంతు పోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పడం ఆవిడ పని, కోస్తా మనిషి, ఆపరేషన్ ముందు రోజు చిన్న రికార్డు మిషన్ పట్టుకొచ్చి పది నిమిషాలు మీకు నచ్చింది మాట్లాడండమ్మా, తర్వాత మీవాళ్లకి ఉంటుంది అంది, సారయ్యను చూసి మీరు కాసేపు బయట కూర్చోండి, మీరుంటే మొహమాటపడతారేమో అంది, కాంతవ్వకు మొహమాటమేమిటి, కానీ బయటికొచ్చాడు, తలుపు అద్దంలోంచి పెదాలు కదలడం కనిపించింది, చెయ్యి ఊపడం కనిపించింది, ఒకసారి కొంగుతో ముక్కు తుడుచుకుంది, ఒకసారి నవ్వింది, ఏమీ వినిపించలేదు, తలుపు తీసి అరుణాదేవి, మీతోనే మాట్లాడారండీ అంతసేపూ, మిమ్మల్ని ఒకటి అడిగారు కూడా, ఏంటో నేను చెప్పను, మీరే వినాలి, మెయిల్ ఉందా మీకు అంది, ఉంది అన్నాడు, ఆ రోజంతా తను పలికింది ఆ ఒక్క మాటే.

వచ్చింది, నాలుగో రోజున వచ్చింది, హుక్కు గుర్తు చూసి కాశిఫ్‌కు ఫోన్ చేసి అక్షరాల రూపం చెప్పి అదేనని తేల్చుకున్నాడు, తెరవలేదు, దుకాణంలో స్పీకరు డబ్బాలు లేవు, అది సాకు, పై అంతస్తు కోచింగ్ సెంటర్‌లో అడిగితే ఒక పూటకు ఇవ్వరా, గిరాకీల ముందు ఎట్లా వింటాను, అదీ సాకే, మధ్యాహ్నం రెండింటికి కుక్క కూడా రాదు దుకాణానికి, అసలు సంగతి ఏమిటంటే మంచి బట్ట చేతికొస్తే సారయ్య వెంటనే కత్తెర పెట్టడు, మడిచి పైన పెట్టుకుంటాడు, ఉందిలే అనుకుంటే అదో ధైర్యం, పైగా అందులో ఆమె ఏదో అడిగింది, ఏమడిగి ఉంటుంది, ఎన్నడూ అడగని మనిషా, అడిగినవాటికి ఎన్నడూ జవాబివ్వని తను, ఈసారిది మాత్రం తప్పించుకునేదై ఉండదని లోపలెక్కడో తెలుసు, అందుకే రేపు, ఎల్లుండి, బతుకమ్మ పోయినంక, ఇంతలో కాంతవ్వ ఇంటికొచ్చింది, మెడకు గుడ్డతో, ముక్కుకూ నోటికీ పని లేకుండా, వచ్చిన వారానికే తన ఎదుట కూర్చుని గొంతు చూపించి, చెవి చూపించి, వేలు తన వైపు పెట్టింది, విన్నావా అని, సారయ్య తల ఊపాడు, విన్నానని, ఆ తల ఊపడం ఆలోచించి ఊపింది కాదు, నలభై ఏండ్లుగా ఇంటున్నవా అన్నప్పుడల్లా మిషను మీద వంగి ఊపిన ఊపే, మెడకు అలవాటైంది, కాంతవ్వ మాత్రం లేవలేదు, అతని మొహంలోకి చాలాసేపు చూసింది, ఏదో వస్తుందని చూసింది, రాలేదు, లేచి లోపలికి పోయి పొయ్యి ముట్టించింది.

అప్పట్నుంచి ఆమె రోజూ చూస్తూనే ఉంది, అన్నం పెడుతూ చూస్తుంది, గుడ్డ మార్చేటప్పుడు మెడ ఎత్తి చూస్తుంది, తను అది నొప్పి అనుకున్నాడు, నిన్న మధ్యాహ్నం గోడ మీద రెండుసార్లు చేత్తో కొట్టింది, పిలవాలంటే ఇప్పుడంతే, గోడనే కొడుతుంది, రాసి చూపించడం ఆమెకు రాదు, వెళ్తే మళ్లీ గొంతు, చెవి, తన వైపు వేలు, ఈసారి ఆ తర్వాత అరచెయ్యి తెరిచి పట్టుకుంది, మరి, అని, ఏమంటవు, అని, ఆ చెయ్యి అట్లాగే ఉంది, అప్పుడు తెలిసింది సారయ్యకు, ఆర్నెల్లుగా ఆమె జవాబు కోసం ఆగి ఉంది, విన్నాడు గదా, ఆలోచించుకుంటున్నాడులే అని ఆగి ఉంది, రేపు చెప్తా అన్నాడు, ఈ పొద్దున దుకాణం తెరవగానే పైనుంచి స్పీకరు డబ్బాలు అడిగి తెచ్చుకుని, షట్టరు సగం దించి, ఆ గీత మీద మొదటిసారి నొక్కాడు, లోపల తెల్లగా ఉంది, అక్కడ ఇంగ్లీషులో ఒక ముక్క, ఇంకేమీ లేదు.

ఓస్, గిదా అన్నాడు కాశిఫ్ తను కూడా నొక్కి చూసి, నీ దుకాణంల నెట్టు లేదు గద, రోడ్డు తవ్వినోళ్లు తీగ తెంపిండ్రని చెప్పినవ్, పదకొండు రోజులాయె, నెట్టు లేకుంటే ఇది అటుకెళ్లి తెచ్చుకోలేదు, అటూ ఇటూ సింక్ కాలే, గంతే, ఇప్పుడు ఇక్కడి తీగ తగిలిస్త, టకీమని వస్తది, కూసో చాచా, చాయ్ చెప్పనా అంటూ తీగ చేతిలోకి తీసుకున్నాడు, సారయ్య గుండె ఒక్క కుట్టు వదిలినట్టయింది, వస్తది, వినొచ్చు, ఆమె ఏం అడిగిందో విని సాయంత్రానికి పోయి చెప్పొచ్చు, తలుపు అద్దం వెనక కదిలిన ఆ పెదాలకు ఇప్పుడు మాట తగులుతుంది, ఇంతలో కాశిఫ్ ఊరికే అన్నట్టు అడిగాడు, అవును చాచా, మెయిల్ డబ్బా నిండింది, పెద్దపెద్దయి తీసెయ్యమంటిని ఫోన్ల, తీసినవా, తీసిన అన్నాడు సారయ్య, ఏడ తీసినవ్, మైత్రీవనం పక్క నెట్ సెంటర్ల, మన తీగ తెగిన నాడే, ఏమేం తీసినవ్, హుక్కులున్నయన్ని, కాశిఫ్ చేతిలో తీగ అట్లాగే ఆగింది, గిది సుత తీసినవా, తీసిన, అన్నాడు సారయ్య, మన సగం దుకాణంల ఉన్నది గద.

మన సగం, కుట్టుపని చేసేవాడికి ఎవడికైనా తెలుసు ఆ పద్ధతి, గిరాకీ బట్ట తెస్తే చిట్టీ నడిమికి చింపి ఒక సగం అతని చేతికి, ఒక సగం బట్టకు గుండుసూదితో, వాళ్లది పోగొట్టుకున్నా మనదుంటే చాలు, బట్ట ఎక్కడికీ పోదు, ఎంతమంది చిట్టీలు పారేసుకుని మొహం వేలాడేసి వస్తారు, సారయ్య మాట్లాడకుండా బట్ట తీసి ఇస్తాడు, మెయిల్ కూడా అంతేననుకున్నాడు, అక్కడ ఎక్కడో కంపెనీవాళ్ల దగ్గర ఒక సగం, ఇక్కడ తన దుకాణంలో ఒక సగం, నెట్ సెంటర్‌లో కూర్చుని ఆ సగాన్ని చింపాడు, తన చేత్తోనే, ఒకటొకటే నొక్కి, ఎవర్నీ అడగకుండా పని చక్కబెట్టానని కాస్త గర్వం కూడా, ఆ గీత దగ్గర మాత్రం వేలు ఆగింది, నిజం, ఆగింది, మనదుంది గదా అనుకుని నొక్కాడు, అంతటితో ఊరుకున్నాడా, తీసేసినవన్నీ ఒక బుట్టలో చేరాయని నెట్ సెంటర్ అతను చూపిస్తే దాన్ని కూడా ఊడ్పించేశాడు, కత్తిరింపు పీలికలు రాత్రికి దుకాణంలో ఉంచితే దరిద్రమని తండ్రి చెప్పిన మాట, దీపం పెట్టేలోగా ఊడ్చి బయట పారబోయాలి, నలభై ఏండ్లలో ఒక్క రోజు తప్పలేదు, ఆ రోజూ తప్పలేదు.

కాశిఫ్ తీగ కింద పెట్టేశాడు, పక్క కంప్యూటర్‌లో నెట్టు మీద సారయ్య మెయిల్ డబ్బా తెరిచి చూశాడు, లేదు, బుట్ట చూశాడు, లేదు, మెయిల్ కంపెనీకి ఫోన్ కలిపి ఉర్దూలో, ఇంగ్లీషులో మాట్లాడి పెట్టేశాడు, తీసేసినయి వారం దినాలే ఉంచుతరంట చాచా, నీకు పదకొండు అయినయ్ అన్నాడు, స్టూలు దగ్గరికి లాక్కున్నాడు, జర సమజ్ చేస్కో, రెండు సగాలు కావు ఇవి, గీ ప్రోగ్రాం ఉత్త లిస్టు తెచ్చుకుంటది, ఎవరు పంపిండ్రు, ఎన్నడు పంపిండ్రు, గంతే, లోపలి మాలు అక్కడ్నే ఉంటది, నువ్వు తెరిసి చూసినప్పుడే ఇక్కడికి దిగుతది, నీ పని లెక్కల చెప్పాల్నంటే చిట్టీ ఇక్కడ, బట్ట అక్కడ, నువ్వు బట్ట పారేసినవ్, ఇప్పుడు నేను తీగ తగిలిస్తే అక్కడ లేంది ఇక్కడెందుకని ఈ చిట్టీ సుత తీసేస్తది, అందుకే ఆగిన, అన్నాడు, సారయ్యకు మాటలు అందుతున్నాయి, ఒక్కొక్కటే అందుతున్నాయి, బట్టను కాలవలో వేసి చిట్టీని పదిలంగా పెట్టుకున్నవాడు, అటువంటి టైలరు ఉంటాడా, ఇంతలో కాశిఫ్ మొహం వెలిగింది, అరే, నేనూ పాగల్ గాన్ని, నువ్వు ఇన్నవ్ గద చాచా, చాచీ గొంతు ఇన్న అని బక్రీద్ నాడు నాతోనే అన్నవ్, ఒక్కసారి తెరిసినా చాలు, తెరిసింది ఇండ్లనే ఒక మూలకు దాస్కుంటది, నేను తీస్త, నువ్వు ఫికర్ చెయ్యకు, తెరిసినవ్ గద.

సారయ్య తల ఊపాడు.

ఊపి, ఊపానని తెలిసి, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు, చెప్పొచ్చు ఇప్పుడైనా, లేదు కాశిఫ్, తెరవలేదు అని, ఈలోగా కాశిఫ్ భుజాలు ముందుకు వంచి వెతుకుతున్నాడు, ఒక డబ్బాలో డబ్బా, అందులో ఇంకో డబ్బా, తెరల మీద అక్షరాలు పురుగుల్లా పోతున్నాయి, ఇండ్ల లేదు, ఇండ్ల సుత లేదు, ఆగు, ఇంకోటున్నది అంటున్నాడు, చాయ్ వచ్చింది, చల్లారింది, లేని సూది కోసం ఒక మనిషి గడ్డివాములో చేతులు పెడుతుంటే అది అక్కడ లేదని తెలిసిన తను పక్కనే కూర్చున్నాడు, పొద్దున ఇక్కడికి రాకముందు, ఆ గొంతు ఇంకోసారి పంపుతారేమో అడుగుదామని పోయి దవాఖానా వరండాలోనూ ఇట్లాగే కూర్చున్నాడు, గుడ్డలో చుట్టిన ఈ డబ్బాను ఒళ్లో పెట్టుకుని గొంతు రోగుల వరుసలో, పక్కనున్న ఒకాయన మెడకు కట్టు ఉంది, కుట్టు వంకరగా ఉంది, ఏం పెద్దమనిషీ నీకేమైంది అన్నట్టు సైగ చేశాడు, ఏమీ కాలేదన్నట్టు సారయ్య కూడా సైగే చేశాడు, గొంతు ఉండి కూడా, అరుణాదేవి వచ్చింది, అయ్యో సారయ్య గారూ, ఆ రికార్డు మిషన్ ఒకటే అండీ మాకు, చెరిపి మళ్లీ వాడతాం, నేను పంపిన కంప్యూటర్‌కి వైరస్ వస్తే మొత్తం కొత్తగా చేసేశారు, మీ దగ్గర ఉందిగా అనుకున్నాను, మీరు విన్నారు కదా, ఏం చెప్పారు ఆవిడకి అని అడిగింది, నవ్వు మొహంతో అడిగింది, అక్కడా తల ఊపి లేచి వచ్చేశాడు, మీకు గుర్తుందా ఆమె ఏమడిగిందో అని తిరిగి అడగొచ్చు కదా, మెట్ల మీద తట్టింది ఆ సంగతి, వెనక్కి పోయి అడిగాడు కూడా, ఆవిడ చాలాసేపు గుర్తు చేసుకుంది, నెలకి ఎంతమందో అండీ, మీ మీద ప్రేమగా ఉంది, అంతవరకే గుర్తుంది, క్షమించండి, అంది, ప్రేమగా ఉందట, రంగు చెప్పినట్టు చెప్పింది, కొలత ఏదీ, కొలత లేకుండా ఏం కుట్టాలి.

కాశిఫ్ కుర్చీలో వెనక్కి వాలాడు, చేతులు తల వెనక పెట్టుకున్నాడు, చాచా, ఇండ్ల ఆర్నెల్ల కొలతల పట్టీలన్నీ ఉన్నయి, నువ్వు తెరిసిన ప్రతిదీ ఉన్నది, ఒక్కటి పోలే, గీ ఒక్కటే లేదు అన్నాడు, ఆ మాట అన్నాక అతనికే ఏదో తట్టినట్టు ఆగాడు, తెరను చూశాడు, సారయ్యను చూశాడు, మళ్లీ తెరను చూశాడు, మాటకారి కాశిఫ్, బేరానికి వచ్చినవాణ్ని నవ్వించకుండా పంపని కాశిఫ్, నువ్వు ఇనలేదా చాచా అని అడగలేదు, అడిగి ఉంటే బాగుండేది, చల్లారిన చాయ్ గ్లాసు పక్కకు జరిపి, కంపెనీ పట్టీలు పదకొండు రోజులయి అటే ఆగినయ్, వాళ్లు నాకు సుత ఫోన్ జేసిండ్రు, తీగ తగిలించాలె, తగిలిస్తే ఆ గీత పోతది, వద్దంటే ఉంచుత, నీ ఇష్టం అన్నాడు మెల్లగా.

సారయ్య లేచి తెర దగ్గరికి పోయి ఆ గీతను చూశాడు, హుక్కు, దాని పక్కన తేదీ, అంకెలే కాబట్టి అది చదవగలడు, ఆపరేషన్ అయిన నాలుగో రోజు, ఆ రోజు కాంతవ్వ కళ్లు తెరిచి పెదాలు కదిపింది, గాలి మెడలోంచి బుస్సుమంది, ఆమె ఉలిక్కిపడి తన చెయ్యి పట్టుకుంది, అదే వేళకు అక్కడ అమీర్‌పేట దుకాణంలో ఆమె గొంతు వచ్చి వాకిట్లో నిలబడింది, లోపలికి రమ్మన్నవాడు లేడు, ఆర్నెల్లు నిలబడింది, ఒక్కసారి తలుపు తీసినా లోపలికొచ్చి ఒక మూలన కూర్చునేది, కాశిఫ్ చెప్పింది అదే కదా, ఒట్టి హుక్కును ఎంతకాలం చూసుకుంటాడు, బట్ట లేని చిట్టీని గుండుసూదికి ఎంతకాలం వేలాడదీస్తాడు, చూసుకున్నంతకాలం ఉందిలే అనే అనుకుంటాడు, ఉందిలే అనుకున్నంతకాలం ఇంటికి పోయి తల ఊపుతాడు, తగిలియ్యి అన్నాడు, ఏంది చాచా అన్నాడు కాశిఫ్, తగిలియ్యి అన్నాడు మళ్లీ, కాశిఫ్ తీగ పెట్టాడు, పట్టీలు ఒకటొకటే వచ్చి పైన పడుతున్నాయి, చాతీలు, నడుములు, పొడుగు చేతులు, కింద ఆ గీత ఇంకా ఉంది, ఉంది, లేదు, దాని కింది గీత పైకి జరిగి ఖాళీ కూడా కనబడకుండా కప్పేసింది.

మెట్లు దిగుతున్నాడు, డబ్బాను కాశిఫ్ సాయంత్రం తనే తెచ్చి పెడతానన్నాడు, చేతులు ఖాళీ, లైనింగ్ గుడ్డ భుజం మీద, బయట ఎండ, పంజగుట్ట చౌరస్తాలో ఒకరి మాట ఒకరికి వినబడనంత రొద, ఇందరు మాట్లాడుతున్నారు, ఫోన్లలో, ఆటోల్లోంచి, బస్సు మెట్ల మీంచి, ఇన్ని గొంతుల్లో కాంతవ్వది ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయాడు, సన్నగానా, బొంగురుగానా, కళ్లు మూసుకుంటే అద్దం వెనక పెదాలు కదులుతున్నాయి, మోకాలి మీద తట్టు తగులుతోంది, గొంతు రావడం లేదు, రాదు, దాచుకుంటే కదా రావడానికి, తెరవనిది ఏదీ ఇక్కడికి దిగలేదు, సాయంత్రం ఆమె గడపలో ఉంటుంది, చెవి చూపించి అరచెయ్యి తెరిచి పట్టుకుంటుంది, ఈసారి మెడ ఊగితే ఆ చెయ్యి మళ్లీ ఆర్నెల్లు అట్లాగే ఉండిపోతుంది, ఆమె గొంతు ఒకసారి దవాఖానాలో పోయింది, ఒకసారి తన వేలి కింద పోయింది, ఇక ఆ ఇంట్లో మిగిలిన గొంతు ఒకటే, వాడక తుప్పు పట్టింది, తనది, నలభై ఏండ్లుగా ఆమె ఇంటున్నవా ఇంటున్నవా అని అడుగుతుంటే మెడ ఇచ్చిన జవాబు కాక గొంతు ఇవ్వాల్సిన జవాబు ఒకటి ఉంది, అది తప్ప ఆమెకు తీసుకుపోవడానికి తన దగ్గర ఇంకేమీ లేదు, సారయ్య రోడ్డు దాటకుండా అక్కడే నిలబడి, ఎవరికీ వినబడని ఆ రొదలో, దాన్ని ఒకసారి పెదాల మీద పలికి చూసుకున్నాడు, ఇనలేదు కాంతవ్వా, నేను ఇనలేదు.